జీతం తగ్గించారు, ఉద్యోగం ఇంకా ఉంది: పేస్లిప్ వస్తుండగానే చేసుకోవాల్సిన పనులు

2025 జూన్‌లో ఒక గురువారం మధ్యాహ్నం నన్ను పదిహేను నిమిషాల మీటింగ్‌కి పిలిచి, వచ్చే నెల నుంచి జీతం 25 శాతం తగ్గిస్తున్నాం అన్నారు. నాకు 43 ఏళ్ళు, అదే కంపెనీలో 12 ఏళ్ళ సర్వీసు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టీమ్ చూసుకుంటాను. సీట్లోకి వచ్చేసరికే మెయిల్ వచ్చి ఉంది, కింద యాక్సెప్ట్ అని ఒక బటన్. పూర్తిగా చదవకుండానే నొక్కేశాను, వద్దంటే ఉద్యోగమే తీసేస్తారేమోనన్న భయంతో. ఆ తర్వాత 19 రోజులు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ రెండూ తప్పులే, రెండింటి వల్లా నష్టపోయాను, అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఆ మరుసటి నెలలోనే టీసీఎస్ 12 వేల మందికి పైగా తీసేస్తున్నామని, వాళ్ళలో మధ్య స్థాయి, పై స్థాయి వాళ్ళే ఎక్కువని ప్రకటించింది. ఆ రోజు మా క్యాంటీన్‌లో నలభై దాటిన ఒక్కరూ గట్టిగా మాట్లాడలేదు. ఇంటి లోన్ సగం దాకా వచ్చి, పిల్లలు ఇంటర్‌కి దగ్గరపడి, ఇంట్లో పెద్దవాళ్ళ మందులు మొదలయ్యే వయసు ఇది. పాతికేళ్ళప్పుడు ఉద్యోగం పోతే రూమ్మేట్ దగ్గర రెండు నెలలు సర్దుకోవచ్చు, ఇప్పుడు సర్దుకోవడానికి చోటు లేదు.

నాకు ఆలస్యంగా అర్థమైన విషయం ఏంటంటే, జీతం కోసిన రోజుకీ, ఒకవేళ ఉద్యోగం పోతే ఆ రోజుకీ మధ్య కొంత టైం ఉంటుంది, ఆ టైంలో మన చేతిలో పేస్లిప్ ఉంటుంది. బ్యాంకు మనతో మర్యాదగా మాట్లాడేది ఆ పేస్లిప్ చూసే. ఇన్సూరెన్స్, లోన్ మార్పు, కొత్త ఉద్యోగం బేరం, అన్నీ అది ఉన్నప్పుడు ఒక రకంగా ఉంటాయి, లేనప్పుడు ఇంకో రకంగా ఉంటాయి. కాబట్టి కోత పడింది అని తెలిసిన వారం బాధపడండి, తప్పదు, కానీ రెండో వారం నుంచి ఈ పనులు మొదలుపెట్టండి.

సంతకం పెట్టే ముందు

ముందు అది కోతా, వాయిదానా తేల్చుకోండి. మా నాన్న ఒంగోలులో రిటైరైన టీచరు. 2020లో కరోనా మొదలైనప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మార్చి నెల పెన్షన్‌లో కొంత ఆపింది, ఉద్యోగుల జీతాలూ అలాగే ఆపారు, తెలంగాణలోనూ ఆపారు. "ఇది వాయిదానే అమ్మా, కోత కాదు, జీవోలో ఆ మాటే రాశారు" అని నాన్న ఆ కాగితం ప్రింటు తీయించి దాచిపెట్టుకున్నారు. ఆ విషయం కోర్టుకెళ్తే హైకోర్టు 12 శాతం వడ్డీతో ఇమ్మంది, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది కానీ ఆపిన డబ్బు ఇవ్వాల్సిందేనని చెప్పింది. ప్రైవేటు కంపెనీలో కూడా ఆ ఒక్క మాట దగ్గరే చాలా తేడా వస్తుంది. డిఫర్ చేస్తున్నాం, అంటే వాయిదా వేస్తున్నాం అంటే ఎప్పటికి ఇస్తారో తేదీ రాయించుకోవాలి. తగ్గిస్తున్నాం అంటే తాత్కాలికమా శాశ్వతమా, మళ్ళీ ఎప్పుడు చూస్తారు అన్నది రాయించుకోవాలి. మేనేజర్ నోటితో "ఆర్నెల్లలో మామూలైపోతుందిలే" అన్నది లెక్కలోకి రాదు. ఆయన మంచివాడే కావచ్చు, ఆర్నెల్ల తర్వాత ఆయన అక్కడ ఉంటారో లేదో.

మెయిల్ రాగానే రెండు రోజులు టైం అడగండి. "ఇంట్లో మాట్లాడి, లెటర్ చదివి సోమవారం చెప్తాను" అంటే సాధారణంగా ఎవరూ కాదనరు. ఆ రెండు రోజుల్లో చూసుకోవాల్సింది ముఖ్యంగా ఒకటి ఉంది, నేను చూసుకోనిది. కోత బేసిక్‌లో పడుతోందా, స్పెషల్ అలవెన్స్‌లో పడుతోందా?

నా బేసిక్ 80,000 ఉండేది, అది 60,000 అయింది. గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు మన సర్వీసుకి కంపెనీ ఇచ్చే మొత్తం, దాని లెక్క ఎలా అంటే ఆఖరి నెల బేసిక్, డీఏ కలిపి, దాన్ని 15తో హెచ్చించి 26తో భాగించి, ఎన్నేళ్ళ సర్వీసో అన్నిసార్లు. నా 12 ఏళ్ళకి 80,000 మీద లెక్కేస్తే 5 లక్షల 53 వేల చిల్లర రావాలి. 60,000 మీద 4 లక్షల 15 వేలు. అంటే ఈ కోత ముందుకి మాత్రమే కాదు, వెనక్కి కూడా పోయి నేను ఎప్పుడో చేసేసిన 12 ఏళ్ళ పనిలోంచి లక్షా 38 వేలు తీసుకుంది. లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్, అంటే వాడుకోని సెలవులకి ఇచ్చే డబ్బు కూడా చాలా చోట్ల బేసిక్ మీదే లెక్కేస్తారు. పీఎఫ్ సరే సరి, 12 శాతం చొప్పున నాది 9,600 నుంచి 7,200కి పడిపోయింది, కంపెనీ వాటా కూడా అంతే. నా టీమ్‌మేట్ ఒకావిడ యాక్సెప్ట్ నొక్కకుండా ఇదే అడిగితే ఆమెకి మాత్రం అలవెన్స్‌లో తగ్గించి బేసిక్ అలాగే ఉంచారు. అడిగితే ఇస్తారని నాకు తెలియదు, అంతే.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు కొత్త లేబర్ కోడ్‌లు, అంటే కార్మిక చట్టాలు అమల్లోకి వచ్చాయి. వాటిలో వేతనం అనే మాటకి కొత్త నిర్వచనం ఉంది, అలవెన్సులు మొత్తంలో సగం దాటితే ఆ దాటినంతా వేతనంలో కలిపే లెక్క అది. కాబట్టి ఇప్పుడు కోత పడేవాళ్ళు "ఈ మార్పు తర్వాత నా గ్రాట్యుటీ ఏ మొత్తం మీద లెక్కిస్తారు, ఇవాల్టికి ఎంత అవుతుంది" అని హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి.

లెటర్‌లో చూసుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి. నోటీసు పీరియడ్ మార్చారా, రేపు తీసేస్తే ఇచ్చే పరిహారం పాత జీతం మీదా కొత్త జీతం మీదా, కోతకి కారణం ఏమని రాశారు. ఆ కారణం విషయం చిన్నదిగా కనిపిస్తుంది కానీ కాదు. "వ్యాపార కారణాల వల్ల సంస్థ అంతటా" అని రాస్తే అది మీ పనితనం మీద మచ్చ కాదు, రేపు కొత్త కంపెనీలో చూపించుకోవచ్చు. ఏమీ రాయకపోతే "పనితీరు బాగోలేక తగ్గించారేమో" అని అవతలివాళ్ళు అనుకుంటారు. ఆ ఒక్క వాక్యం కోసం హెచ్‌ఆర్‌ని మూడుసార్లు అడగాల్సి వచ్చినా అడగండి.

ఇంట్లో చెప్పడం

నేను 19 రోజులు చెప్పలేదన్నాను కదా. ఆ 19 రోజుల్లో ఏం జరిగిందంటే, మా ఆయన ఇంట్లో ఏసీ మార్పించారు, మా అమ్మాయిని ఇంటర్ ఫస్టియర్‌లో చేర్పిస్తూ ఏడాది ఫీజు ఒకేసారి కడితే డిస్కౌంటు అన్నారని కార్డు గీకేశారు. ఆయన తప్పేం లేదు, ఆయనకి తెలిసిన లెక్క ప్రకారం ఆయన చేశారు. ఆ లెక్క మారిందని తెలిసింది నాకొక్కదానికే.

చివరికి ఒక రోజు రాత్రి అత్తయ్య పడుకున్నాక డైనింగ్ టేబుల్ దగ్గర ల్యాప్‌టాప్‌లో ఆ లెటర్ తెరిచి ఆయన ముందుకి జరిపాను. మాటలు రాలేదు. ఆయన చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివి, "జూన్‌లోనే వచ్చింది కదా ఇది" అన్నారు. డబ్బు గురించి కాదు, తేదీ గురించి అడిగారు. తర్వాత లేచి పిల్లల పాత నోటుబుక్ ఒకటి తెచ్చి, ఖాళీ పేజీ తీసి, పెన్ను నా చేతికిచ్చి "ఎంత తగ్గుతుందో నెలకి, అది రాయి ముందు" అన్నారు.

మీరు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టండి. నిజంగా నెలకి చేతికి ఎంత తగ్గుతుంది? మనసులో అనుకునే లెక్కా అసలు లెక్కా ఒకటి కాదు. నా జీతం ఏడాదికి 24 లక్షల నుంచి 18 లక్షలైంది, అంటే నెలకి 50 వేలు పోయినట్టే అని ఆ 19 రోజులూ నిద్రపోలేదు. కానీ పన్ను కూడా తగ్గుతుంది. కొత్త పన్ను విధానంలో 2025-26 స్లాబుల ప్రకారం 24 లక్షల జీతానికి 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోగా పన్ను, సెస్సు కలిపి 2,92,500. అదే 18 లక్షలకి 1,50,800. పీఎఫ్ లాంటివి పక్కన పెడితే చేతికి తగ్గేది నెలకి 38 వేల చిల్లర. అది చిన్న మొత్తం కాదు, కానీ 50 వేలూ కాదు. జీతం ఏడాది మధ్యలో తగ్గితే అంతకు ముందు నెలల్లో పన్ను ఎక్కువ రేటున కోసేసి ఉంటారు, పేరోల్ వాళ్ళు మిగతా నెలలకి మళ్ళీ లెక్కేశారో లేదో మొదటి పేస్లిప్‌లోనే చూసుకోండి, లేకపోతే ఆ డబ్బు రిటర్ను వేసి రీఫండు వచ్చేదాకా ఆగిపోతుంది.

మాకు ఆ 38 వేలు ఎలా సర్దుబాటయ్యాయో చెప్తాను, మీ ఇంటి లెక్క వేరేగా ఉంటుంది కానీ ఒక అంచనా కోసం. ఇంటి ఈఎంఐలో 9,500 (ఎలాగో కింద రాశాను). షాద్‌నగర్ వైపు వెంచర్‌లో తీసుకున్న ప్లాటు వాయిదా 12 వేలు, దాన్ని మా ఆడపడుచు వాళ్ళు తమ పేరున మార్పించుకున్నారు. బయట తిండి, ఫోన్లో ఆర్డర్లు కలిపి 7 వేలు, ఇది రాసి చూసేదాకా అంత అవుతోందని ఇద్దరికీ తెలియదు. మా అబ్బాయి లెక్కల ట్యూషన్ 4 వేలు, మా ఆయన జూనియర్ కాలేజీ లెక్చరరే కాబట్టి ఇప్పుడు ఆయనే చెప్తున్నారు. మిగిలిన 5,500 సిప్‌లోంచి, అంటే నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసేదాంట్లోంచి తగ్గించాం. సిప్ పూర్తిగా ఆపకండి, వెయ్యో రెండు వేలో అయినా నడవనివ్వండి, ఒకసారి ఆపేస్తే మళ్ళీ మొదలవ్వడం కష్టం.

అన్నింటికంటే కష్టమైంది ప్లాటు. మనవాళ్ళ ఇళ్ళల్లో భూమి వదులుకోవడం అంటే ఓడిపోయినట్టే చూస్తారు, పరువు కూడా కలిసొస్తుంది అందులో. కానీ ఉండే ఇంటి ఈఎంఐ కట్టడానికి టెన్షన్ పడుతూ ఎప్పటికో కట్టబోయే ఇంటి కోసం నెలనెలా కట్టడం సరి కాదు. ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిదే.

పిల్లలకి కూడా చెప్పండి, వయసుకి తగినట్టు. మా అమ్మాయికి చెప్తే అది అడిగిన మొదటి ప్రశ్న "నా కాలేజీ మార్చాలా?" వద్దు అని చెప్పేసరికి దాని ముఖం కుదుటపడింది. మనం చెప్పకపోతే పిల్లలు తలుపు చాటు మాటలు విని ఇంకా పెద్దదేదో ఊహించుకుంటారు. అత్తయ్య అయితే మర్నాడు పొద్దున్నే పూజ అయ్యాక తన చీటీ పుస్తకం తెచ్చి నా పక్కన పెట్టి "రెండు లక్షల చీటీ అమ్మాయ్, వచ్చే నెల పాడేద్దాం" అన్నారు. పాడలేదు. అవసరం గట్టిగా లేనప్పుడు చీటీ ముందే పాడితే ఎక్కువ మొత్తం వదులుకుని పాడాల్సి వస్తుంది, ఆ నష్టం మనదే. కానీ ఆ పుస్తకం అలా పక్కన పెట్టిన రోజు నుంచి నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టింది.

బ్యాంకు దగ్గరికి, ఉద్యోగం ఉండగానే

ఈఎంఐ తప్పాక బ్యాంకుకి వెళ్ళడం వేరు, తప్పకముందే వెళ్ళడం వేరు. మా ఫ్లాటు 2017లో కొన్నాం, ఇరవై ఏళ్ళ లోను, ఇంకా 12 ఏళ్ళుంది, దాదాపు 40 లక్షలు బాకీ. అప్పటి లోన్లు ఎంసీఎల్‌ఆర్ అనే, బ్యాంకు తనే లెక్కేసుకునే రేటుకి ముడిపడినవి, 2019 అక్టోబర్ తర్వాత బ్యాంకులు ఇచ్చినవి ఎక్కువగా రెపో రేటుకి, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే రేటుకి ముడిపడినవి. రిజర్వు బ్యాంకు 2025లో రెపోని 6.5 శాతం నుంచి డిసెంబర్ నాటికి 5.25కి తెచ్చింది. రెపోకి ముడిపడిన లోన్లకి ఆ తగ్గుదల త్వరగా అందుతుంది, పాత ఎంసీఎల్‌ఆర్ లోన్లకి నెమ్మదిగా, కొంచెం కొంచెంగా అందుతుంది. మీది 2019కి ముందు లోన్ అయితే ఇవాళే స్టేట్‌మెంట్ తీసి రేటు చూడండి. నాది 9 శాతం ఉంది. బ్రాంచికి వెళ్ళి అప్లికేషను, కొంత ఫీజు కట్టి మార్పించుకుంటే 8కి వచ్చింది, ఈఎంఐ 45,500 నుంచి 43,300 అయింది. నేను ఎనిమిదేళ్ళు అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

తర్వాత గడువు పెంచమని అడిగాను. 12 ఏళ్ళని 17 చేస్తే సరిగ్గా నాకు 60 నిండేసరికి తీరుతుంది, ఈఎంఐ 36 వేల దగ్గరికి వస్తుంది. దీనికి మూల్యం ఉంది, మొత్తం మీద దాదాపు 11 లక్షలు వడ్డీ ఎక్కువ కట్టాలి. ఇది తెలిసే ఒప్పుకున్నాను, ఎందుకంటే ఉద్యోగం ఊగుతున్నప్పుడు నెల చివర చేతిలో ఉండే ఏడు వేలకి విలువ ఎక్కువ, పైగా వ్యక్తిగత ఫ్లోటింగ్ రేటు ఇంటి లోన్‌ని ముందే కడితే బ్యాంకు పెనాల్టీ వేయకూడదు. పరిస్థితి బాగుపడ్డాక బోనస్ వచ్చినప్పుడల్లా అసలులో కట్టేసి ఆ 11 లక్షల్ని తగ్గించుకోవచ్చు. బ్యాంకువాళ్ళు నన్ను అడిగినవి ఆఖరి మూడు పేస్లిప్‌లు, ఫారం 16 (ఏడాది జీతం, కోసిన పన్ను చూపిస్తూ కంపెనీ ఇచ్చే కాగితం). ఉద్యోగం లేని రోజున ఈ రెండూ ఎక్కడి నుంచి తెస్తాం?

చేతి ఖర్చుకి అప్పు చేయాల్సి వస్తే వరుస ఇలా పెట్టుకోండి: ముందు ఎఫ్‌డీ, తర్వాత బీరువాలో బంగారం బ్యాంకులో కుదువ పెట్టి తెచ్చిన లోను, ఆ తర్వాతే పర్సనల్ లోను. క్రెడిట్ కార్డులో మినిమమ్ డ్యూ కట్టి నెట్టుకురావడం మాత్రం వద్దు, నెలకి మూడు శాతం పైన అంటే ఏడాదికి దగ్గర దగ్గర నలభై. ఫోన్లో లోన్ యాప్‌ల జోలికి అసలే వెళ్ళకండి. 2020 చివర్లో తెలంగాణలో ఆ యాప్‌ల వేధింపులకి మనుషుల ప్రాణాలు పోయాయి, పోయినవాళ్ళలో ఉద్యోగాలు చేసుకునే చదువుకున్నవాళ్ళూ ఉన్నారు.

పీఎఫ్ ఆఖరున. అందులో వడ్డీ 2024-25కి 8.25 శాతం. 43 ఏళ్ళప్పుడు తీసేసిన 5 లక్షలు అదే వడ్డీతో 58 ఏళ్ళకి 16 లక్షలు దాటి ఉండేవి. డబ్బు తీయకపోయినా పీఎఫ్ పోర్టల్‌లోకి మాత్రం వెళ్ళండి. యూఏఎన్‌కి, అంటే మన పీఎఫ్ నంబరుకి ఇప్పటి ఫోన్ నంబరు, ఆధార్, బ్యాంకు ఖాతా కలిసి ఉన్నాయా, పేరులో ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాలున్నాయా, పాత కంపెనీలో చేరిన తేదీ వదిలిన తేదీ సరిగ్గా పడ్డాయా, నామినీ ఎవరు. మన పేర్లలో ఇంటిపేరు గొడవ వల్ల క్లెయిములు తిరిగొస్తూనే ఉంటాయి. కంపెనీ ద్వారా సరిచేయించుకోవాల్సినవి కంపెనీలో ఉండగానే చేయించుకోవడం తేలిక.

ఇన్సూరెన్స్ గురించి ఒక్క పేరా, కానీ దీన్ని దాటేయకండి. మా అత్తయ్యకి 68, షుగరు ఉంది, ఆవిడ నా కంపెనీ పాలసీలో ఉన్నారు. ఉద్యోగం ఆఖరి రోజుతో ఆ కవర్ పోతుంది. విడిగా పాలసీ తీసుకుంటే అప్పటికే ఉన్న జబ్బులకి మూడేళ్ళ దాకా వెయిటింగ్ ఉండొచ్చు, అప్పటిదాకా వాటికి క్లెయిము రాదు. ఆ గడియారం ఎంత ముందు మొదలైతే అంత మంచిది, కాబట్టి కంపెనీ కవర్ నడుస్తుండగానే సొంత పాలసీ మొదలుపెట్టండి. కంపెనీ పాలసీ ఇచ్చిన బీమా సంస్థలోనే వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో కూడా అడగండి, ఇన్నేళ్ళు గడిపిన వెయిటింగ్ కలిసొచ్చే అవకాశం ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్, లైఫ్ పాలసీల మీద జీఎస్టీ లేదు. ప్రీమియం కోసం మేము ఒక ఎఫ్‌డీ తీశాం, ఆ ఎఫ్‌డీ తీసినందుకు ఒక్కరోజు కూడా బాధపడలేదు.

ఉద్యోగం పోయే సూచనలు కనిపిస్తే

ప్రాజెక్టు నుంచి తీసి పని లేకుండా బెంచ్ మీద పెట్టడం, ఉన్నట్టుండి పిప్‌లో, అంటే పనితీరు మెరుగుపరుచుకోమని గడువు ఇచ్చే ప్లాన్‌లో పెట్టడం, మన పని ఇంకొకరికి నేర్పించమనడం, ఇవి చూశాక కూడా అంతా బాగానే ఉంది అనుకోవద్దు. పేస్లిప్‌లు, ఫారం 16లు, అపాయింట్‌మెంట్ లెటర్, ఇంక్రిమెంట్ లెటర్లు, అప్రైజల్‌లో వచ్చిన రేటింగులు, అన్నీ మీ సొంత మెయిల్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో పెట్టుకోండి. కంపెనీ లాగిన్ పోవడానికి ఒక్క నిమిషం చాలు. మీకు సంబంధించిన కాగితాలు మాత్రమే సుమా, కంపెనీ కోడ్, క్లయింటు డేటా ముట్టుకోవద్దు, దాన్ని సాకుగా చూపించి రావాల్సినవి కూడా ఆపేస్తారు.

"మీరే రిజైన్ చేస్తే రికార్డు క్లీన్‌గా ఉంటుంది, లేకపోతే టెర్మినేట్ చేస్తాం" అని గదిలో కూర్చోబెట్టి అడిగితే అక్కడికక్కడ సంతకం పెట్టకండి. స్వచ్ఛందంగా రాజీనామా చేశానని రాసిచ్చాక పరిహారం అడగడం చాలా కష్టం. బయటికొచ్చి ఆ రోజే ఒక మర్యాదైన మెయిల్ పెట్టండి, ఫలానా టైంకి మీటింగ్ జరిగింది, నన్ను రాజీనామా చేయమన్నారు, ఏమేం ఇస్తారో రాతపూర్వకంగా చెప్తే ఆలోచిస్తాను అని. కార్మిక చట్టాల రక్షణ మేనేజర్ స్థాయి వాళ్ళకి బాగా తక్కువ, నిజమే. కానీ కోర్టులు చూసేది కార్డు మీద హోదాని కాదు, నిజంగా చేసే పనిని. పేరుకి మేనేజర్ అయినా రోజంతా సొంతంగా టెస్టింగే చేస్తుంటే ఆ విషయం ఒక లేబర్ లాయర్‌కి చూపించండి, ఒక కన్సల్టేషన్ ఫీజు పోతే పోయింది. కొత్త వేతనాల కోడ్ ప్రకారం ఉద్యోగం వదిలినా తీసేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి, ఆ మాట మెయిల్‌లో రాసి అడగొచ్చు.

అమెరికాలో హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకి ఈ టైం ఇంకా తక్కువ, ఉద్యోగం పోయాక దొరికేది గరిష్ఠంగా 60 రోజులే. మా చిన్నాన్న కొడుకు అక్కడే ఉన్నాడు, వాడికి నేను చెప్పింది కూడా ఇదే, కాగితాలు ముందే సర్దుకోమని.

వెతకడం

నలభై దాటాక పోర్టల్‌లో రెజ్యూమె పడేసి కూర్చుంటే ఫోన్లు రావు. నాకు రెండు నెలల్లో పోర్టల్ నుంచి వచ్చినవి మూడు కాల్స్, మూడూ నా అనుభవంలో సగం అడిగే ఉద్యోగాలే. పాత సహోద్యోగుల ద్వారా వచ్చినవి ఐదు ఇంటర్వ్యూలు. ఒక పేజీలో గతంలో నాతో పనిచేసిన ముప్ఫై మంది పేర్లు రాసుకుని వారానికి నలుగురికి ఫోన్ చేశాను. "ఏదైనా ఉంటే చూడవా" అంటే ఎవరూ ఏమీ చేయలేరు, వాళ్ళకి ఏం చూడాలో తెలియదు. "మీ కంపెనీలో టెస్ట్ ఆటోమేషన్ లీడ్ ఖాళీ ఉందా, ఆ టీమ్ చూసేవాళ్ళు ఎవరు, ఒక్కసారి పరిచయం చేస్తావా" అంటే పని జరుగుతుంది. మొదటి ఫోన్ చేయడానికి నాకు మూడు రోజులు పట్టింది, సిగ్గుతో. ఎత్తినామె "అక్కా, నాకూ తగ్గించారు" అంది.

జీతం ఎంత అని రిక్రూటర్ అడిగితే కోతకి ముందుది, ఇప్పటిది, రెండూ చెప్పండి, పైన చెప్పిన లెటర్ ఉంది కాబట్టి దాన్ని చూపించి పాత జీతం నుంచి బేరం మొదలుపెట్టండి. అబద్ధం చెప్పకండి, పేస్లిప్ అడుగుతారు, దొరికిపోతారు.

డబ్బు కడితే ఉద్యోగం ఇప్పిస్తాం అనే బ్యాక్‌డోర్ ఏజెంట్లు మన హైదరాబాద్‌లో ఎక్కువ. వాళ్ళు పాతికేళ్ళ పిల్లల్నే మోసం చేస్తారనుకోవద్దు, భయంలో ఉన్న నలభై ఏళ్ళవాళ్ళు కూడా కడుతున్నారు. లక్షలు పోసి కోర్సులు చేరడం కూడా అంతే. ముందు మీకు కావాల్సిన ఉద్యోగాల ప్రకటనలు ఒక ఇరవై తీసి, అన్నింట్లో కనిపిస్తూ మీకు రానిది ఏదో చూడండి. నాకు అది ఒక్కటే తేలింది, ఏపీఐ ఆటోమేషన్, మా అబ్బాయి పడుకున్నాక రోజూ గంట చొప్పున నేర్చుకున్నాను, ఖర్చు కాలేదు.

మనసు మరీ కుంగిపోతే, పొద్దున లేవాలనిపించకపోతే, బతకడం దండగ అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో మగవాళ్ళు ఇలాంటిది ఎవరికీ చెప్పరు, భార్యలు కాస్త గమనించండి.

చివరిగా ఒకటి, కంపెనీ దగ్గర డబ్బు లేదంటే డబ్బు కానిది అడగండి. నేను సెప్టెంబర్‌లో మా మేనేజర్ దగ్గరికి వెళ్ళి, జీతం ఇప్పట్లో పెంచలేరు కాబట్టి నా నోటీసు పీరియడ్ తగ్గించండి అని అడిగాను. మన దగ్గర 90 రోజుల నోటీసు వల్లే సగం ఆఫర్లు పోతాయి, అవతలి కంపెనీ అన్నాళ్ళు ఆగదు. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని కూడా అడిగాను, అది ఇవ్వలేదు. నోటీసు మాత్రం నాలుగు వారాలు తిరిగాక 90 నుంచి 45 రోజులకి తగ్గిస్తూ లెటర్ ఇచ్చారు. ఈసారి ఒకటికి రెండుసార్లు చదివి, ఇంటికి తీసుకెళ్ళి మా ఆయనతో కూడా చదివించి, సోమవారం సంతకం పెట్టాను.